టపా మళ్లీ తపాలైంది

హోసూరు:

“రెండేండ్లు గోడతో మాట్లాడినానప్పా” అని నవ్వుతారు అయివారు. ఊళ్లో అందరికీ ఆయన అయివారే. పేరు వేయొద్దన్నారు కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం. హోసూరు చుట్టుపక్కల సర్కారు బడుల్లో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఇంట్లో ఊరికే కూర్చోలేక 2009లో ఓ బ్లాగు మొదలుపెట్టారు. మడకకు ఎన్ని భాగాలు, మేడి అంటే ఏది, కర్రు అంటే ఏది, కెలమంగలం పక్క చెరువుకు ఆ పేరెందుకు వచ్చింది, డెంకణికోట సంతలో ఒకప్పుడు ఏమేం అమ్మేవాళ్లు... ఇవీ ఆయన రాసేవి. మొరసునాటి మాటలు పోకుండా నాలుగు చోట్ల ఉండాలన్నదే తాపత్రయం.

ఆయన దగ్గర చదువుకున్న పిల్లలు అప్పటికే బెంగళూరు, చెన్నై, పుణె, సింగపూర్, అమెరికా చేరిపోయారు. వాళ్లలో ఒకరు సెలవులకు వచ్చినప్పుడు బ్లాగులో పక్కగా ఓ చిన్న గడి పెట్టిచ్చారు. అందులో మెయిల్ ఐడీ ఇస్తే చాలు, అయివారు కొత్తగా రాసిన ప్రతిదీ దానంతటదే మెయిల్‌కు వచ్చేస్తుంది. బ్లాగు తెరిచి చూడాల్సిన పని లేదు. అలా చేరినవాళ్లు రెండొందల మంది కూడా లేరు. కానీ వాళ్లే జవాబులు రాసేవాళ్లు. “మా అవ్వ ఈ మాటే అనేది అయివారూ” అని ఒకరు, “మా ఊర్లో దీన్ని ఇంకోలా అంటారు” అని ఇంకొకరు. ఆ జవాబుల్లోంచే మరో వారానికి సరిపడా సరుకు దొరికేది.

2018లో అయివారికి బ్లాగుకు ఇంకో మంచి పేరు తట్టింది. పేరుతోపాటు బ్లాగు చిరునామా కూడా మార్చేశారు. కొత్త చిరునామాలో బ్లాగు బ్రహ్మాండంగా తెరుచుకుంటోంది. ఆయన వారం వారం రాస్తూనే ఉన్నారు. జవాబులు మాత్రం ఆగిపోయాయి. ఒక నెల, రెండు నెలలు, ఆర్నెల్లు... ఒక్కరంటే ఒక్కరు పలకలేదు.

“తెలుగు చదవను వచ్చేవాళ్లే తగ్గిపోతా ఉండారు. వీళ్లు మాత్రం ఎన్నాళ్లని చదువుతారులే అనుకుంటి” అన్నారాయన. ఆ మాట ఊరికే అన్నది కాదు. తమిళనాడులో 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టంతో 2006-07 నుంచి ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరం రాని పిల్లలను ఆయన కళ్లారా చూశారు. కాబట్టి మౌనానికి కారణం వెతకలేదు, తెలిసిన కారణమే తగిలించుకున్నారు. 2020 మొదట్లో రాయడం మానేశారు.

ఆ ఏడాది లాక్‌డౌన్‌లో బెంగళూరు నుంచి ఇంటికొచ్చిన ఓ పాత విద్యార్థిని మాస్కు కట్టుకుని ఆయన్ని చూడ్డానికి వచ్చింది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. వాకిట్లోనే నిలబడి అడిగిందట, “అయివారూ, రెండేళ్లుగా ఏమీ రాయడం లేదేమి? ఒంట్లో బాగుండలేదా?” అని. “నేను రాస్తానే ఉంటిని. మీరే కదమ్మా చదవను మానేస్తిరి” అన్నారాయన. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కంప్యూటర్ ముందు కూర్చున్న పది నిమిషాల్లో సంగతి తేలిపోయింది. మెయిళ్లు పంపే ఏర్పాటు రెండేళ్లుగా పాత చిరునామాకే వెళ్లి చూస్తోంది. అక్కడేమీ లేదు కాబట్టి కొత్త టపా లేదనుకుని ఊరకుండిపోయింది.

బోర్డు చూసొచ్చే మనిషి

ఇంతకీ ఆ ఏర్పాటు ఏమిటి? బ్లాగుకు మన కంటికి కనిపించే పేజీ కాకుండా ఇంకో పేజీ కూడా ఉంటుంది. రంగుల్లేవు, అలంకారాల్లేవు. టపా పేరు, లింకు, తేదీ, రాసినవారెవరు, అందులో ఉన్నదేమిటి... అంతే. దీన్ని ఫీడ్ అంటారు. మనుషులు చదవడానికి కాదు, వేరే కంప్యూటర్లు చదువుకోవడానికి. దీనికి ఎక్కువగా వాడే పద్ధతి పేరు ఆర్‌ఎస్‌ఎస్. ఈ పేరు వినగానే ఇంకేవో శాఖలు గుర్తొస్తే మీ తప్పు కాదు గానీ, దీనికీ దానికీ సంబంధం లేదు. రియల్లీ సింపుల్ సిండికేషన్ అన్నదానికి పొడి అక్షరాలివి. 1999లో నెట్‌స్కేప్ కంపెనీలో పుట్టింది. ఆటమ్ అని ఇంకో పద్ధతి 2005లో ప్రమాణంగా వచ్చింది. చేసే పని ఒకటే.

పంచాయతీ ఆఫీసు ముందు నోటీసు బోర్డు ఉందనుకోండి. రోజూ వెళ్లి చూసే తీరిక ఊళ్లో ఎవరికీ ఉండదు. అందుకని ఒక మనిషిని పెట్టుకున్నాం. అతను పొద్దున, సాయంత్రం వెళ్లి బోర్డు చూస్తాడు. కొత్త నోటీసు అంటించి ఉంటే రాసుకొచ్చి, తన చీటీలో పేరున్న ప్రతి ఇంటికీ ఇచ్చి వస్తాడు. లేకపోతే ఊరకే తిరిగొస్తాడు. ఫీడ్ ఆ బోర్డు. మెయిల్ పంపే సేవ ఆ మనిషి. చందాదారుల జాబితా ఆ చీటీ. బోర్డును పక్క వీధికి మార్చి ఆ మనిషికి చెప్పడం మర్చిపోతే ఏమవుతుందో అయివారి సంగతిలో చూశాం. అతను రోజూ పాత గోడనే చూసి వస్తూ ఉంటాడు. నోరు తెరిచి అడగడు.

ఏది కొత్తదో ఏది పాతదో అతనికెలా తెలుస్తుంది? ఫీడ్‌లో ప్రతి టపాకూ ఓ గుర్తు ఉంటుంది. ఇంతకుముందు పంపినవాటి గుర్తులు ఆ సేవ దగ్గర రాసిపెట్టి ఉంటాయి. కొత్త గుర్తు కనబడితే పంపుతుంది. ఇందులోనూ ఓ చిక్కుంది. బ్లాగును ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకు మార్చినప్పుడు ఈ గుర్తులన్నీ మారిపోవచ్చు. అప్పుడు పాతవాటినే కొత్తవనుకుని పంపేస్తుంది. ఎప్పటిదో సంక్రాంతి శుభాకాంక్షల టపా ఆషాఢంలో జనానికి చేరిందంటే కారణం ఇదే. బ్లాగు మార్చేముందు మెయిల్ ఏర్పాటును ఆపి, మార్చాక ఫీడ్ చిరునామా సరిచేసి, ఒకసారి సొంత మెయిల్‌కు పంపి చూసుకుని మళ్లీ నడపాలి.

మీ బ్లాగు ఫీడ్ ఎక్కడుందో కనుక్కోవడం కష్టమేం కాదు. బ్లాగర్‌లో అయితే బ్లాగు చిరునామా పక్కన స్లాష్ పెట్టి ‘ఫీడ్స్’, స్లాష్ ‘పోస్ట్స్’, స్లాష్ ‘డిఫాల్ట్’ అని ఇంగ్లిషులో కొట్టాలి. వర్డ్‌ప్రెస్‌లో స్లాష్ పెట్టి ‘ఫీడ్’ అంటే చాలు. తెరమీద పిచ్చి గుర్తుల మధ్య మీ టపాల పేర్లు కనిపిస్తే కంగారుపడకండి, అదే ఫీడ్. ఆ చిరునామాను మెయిల్ పంపే సేవకు ఇచ్చి, రోజుకోసారా వారానికోసారా ఎప్పుడు పంపాలో చెబితే సరి. ఫీడ్‌లో టపా పూర్తిగా రావాలా, మొదటి నాలుగు వాక్యాలే రావాలా అన్నది మాత్రం బ్లాగు సెట్టింగుల్లో ఉంటుంది. ఈ రెండు చోట్లా చూడక, ‘మెయిల్‌లో సగమే వస్తోంది’ అని తల పట్టుకునేవాళ్లు చాలామంది.

తెలుగు బ్లాగర్లు పోస్టుకు టపా అని పేరు పెట్టుకున్నారు. పాత కాలంలో టపా అంటే ఉత్తరాల తపాలే. తెలిసి పెట్టారో తెలియక పెట్టారో గానీ, ఇప్పుడా మాట మళ్లీ మొదటికొచ్చింది.

జాబితా ఎవరిది?

ఫీడ్‌ల మీదే ఒకప్పుడు తెలుగు బ్లాగుల లోకమంతా నడిచింది. 2006 ప్రాంతంలో వచ్చిన కూడలి, ఆ తర్వాత జల్లెడ, హారం, మాలిక... ఇవన్నీ వందల బ్లాగుల ఫీడ్‌లను ఒకచోటికి చేర్చి చూపించినవే. బరంపురంలో కూర్చున్నా బళ్లారిలో కూర్చున్నా పొద్దున్నే అక్కడికెళ్తే ఎవరేం రాశారో తెలిసిపోయేది. సొంతంగా ఏరుకుని చదివేవాళ్లకు 2005లో వచ్చిన గూగుల్ రీడర్ ఉండేది. 2013 జూలై 1న గూగుల్ దాన్ని మూసేసింది.

మెయిల్ ద్వారా పంపే పనికి చాలాకాలం పెద్ద దిక్కు ఫీడ్‌బర్నర్. 2004లో అమెరికాలోని షికాగోలో మొదలైన ఈ సంస్థను 2007లో గూగుల్ కొనేసింది. బ్లాగర్‌లో ‘మెయిల్ ద్వారా అనుసరించండి’ అన్న గడి వెనక పనిచేసేది ఇదే. పైసా ఖర్చు లేదు. తెలుగు బ్లాగర్లు ఒకసారి ఆ గడి పెట్టుకుని మర్చిపోయారు. మర్చిపోగలగడమే దాని గొప్ప. 2021 ఏప్రిల్‌లో గూగుల్ ఓ ప్రకటన చేసింది. ఆ జూలై నుంచి ఫీడ్‌బర్నర్ మెయిళ్లు పంపదు, కావాల్సినవాళ్లు తమ చందాదారుల జాబితాను దించుకోవచ్చు అని. చూసినవాళ్లు దించుకుని వేరేచోటికి వెళ్లారు. చూడనివాళ్ల ఉత్తరాలు ఆగిపోయాయి.

బ్లాగులో రాసిన రాతలకేం కాలేదు, అవి ఉన్నచోటే ఉన్నాయి. పోయింది చదివేవాళ్ల ఆచూకీ. సరిహద్దు ఇవతల ఉన్న మనకు ఈ తేడా పెద్దది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో రాసేవాళ్లకు పాఠకుడు ఏదో ఒక దారిన మళ్లీ తగులుతాడు. షోలాపూర్‌లోనో యానాంలోనో తమ వీధి సంగతులు తెలుగులో రాసుకునే మనిషికి చదివేవాళ్లు దేశమంతా చెల్లాచెదురుగా ఉంటారు. ఆ వందో రెండొందలో చిరునామాలు పోతే వాళ్లను మళ్లీ పోగేసే దారి ఉండదు.

అందుకే సేవ ఏదైనా, చేరేముందు ఒక్కటి అడిగి తెలుసుకోవాలి. జాబితాను ఎప్పుడంటే అప్పుడు మామూలు ఫైలుగా దించుకోనిస్తుందా? దించుకున్న ఫైలు ఎక్సెల్‌లో తెరుచుకుంటుందా? అవునంటేనే ముందుకెళ్లండి. అయివారి శిష్యురాలు నెలకోసారి ఆ ఫైలు దించి పెన్‌డ్రైవ్‌లో వేసి ఆయనకిచ్చేది. ఇప్పుడు ఆయనే చేసుకుంటున్నారు. పెన్‌డ్రైవ్ బీరువాలో, ఇంటి పత్రాల పక్కన ఉంటుంది.

వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌లో రాసేవాళ్లకు మెయిల్ చందా అందులోనే కలిసి ఉంటుంది. సొంత సైట్‌లో వర్డ్‌ప్రెస్ నడుపుకునేవాళ్లు జెట్‌ప్యాక్ అనేదాన్ని తగిలించుకోవచ్చు. ఫీడ్ తీసుకుని ఉత్తరంగా మార్చి పంపే పనిని మెయిల్‌చింప్, మెయిలర్‌లైట్, బటన్‌డౌన్ లాంటివి చేస్తూ వచ్చాయి. 2017లో మొదలైన సబ్‌స్టాక్ దారి వేరు. అక్కడ ఫీడ్ గొడవ లేకుండా, రాసిందే పేజీగానూ మెయిల్‌గానూ రెండు విధాలా వెళ్తుంది. వీటిలో ఉచితమెంత, ఎంతమంది దాటితే డబ్బు కట్టాలి అన్నవి తరచూ మారిపోతుంటాయి. స్నేహితుడు పోయినేడాది చెప్పిన లెక్క పట్టుకుని దిగకండి, చేరేరోజున ధరల పేజీ చదవండి. రాసేవాళ్లు ఏ ఏర్పాటూ చేయకపోయినా, చదివేవాళ్లే ఓ ఫీడ్ చిరునామా ఇచ్చి తమ మెయిల్‌కు తెప్పించుకునే బ్లాగ్‌ట్రాటర్ లాంటి సేవలూ వచ్చాయి.

వాట్సాప్ ఉండగా ఇదెందుకు?

ఈ ప్రశ్న అడగనివాళ్లు లేరు. అయివారిని అడిగితే ఫోన్ తీసి చూపించారు. పాత విద్యార్థుల గ్రూపు. ఆ రోజు పొద్దుటి నుంచి దేవుడి బొమ్మలు, శుభోదయాలు, ఎవరిదో పుట్టినరోజు, దానికి అందరి చప్పట్లు. ఆయన రెండ్రోజుల కింద పెట్టిన లింకు ఎక్కడుందో వెతకడానికే మాకు ఐదు నిమిషాలు పట్టింది.

గ్రూపులో చేరితే మన నంబరు అందరికీ తెలుస్తుంది. ఆడవాళ్లు చాలామంది అందుకే చేరరు. నంబర్లు కనబడకుండా ఒకేసారి 256 మందికి పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితా పద్ధతి ఉంది గానీ, మన నంబరును తమ ఫోన్‌లో దాచుకున్నవాళ్లకే అది చేరుతుంది. మెయిల్‌లో ఈ బాధలు తక్కువ. ఎవరెవరికి వెళ్లిందో ఎవరికీ తెలియదు. నాలుగేళ్ల కిందటి ఉత్తరం కావాలంటే ‘మడక’ అని వెతికితే చాలు, వచ్చి కూర్చుంటుంది. ఫోన్ మార్చినా పోదు. అయితే నిజం చెప్పాలంటే, మన పల్లెల్లో మెయిల్ రోజూ తెరిచి చూసేవాళ్లు తక్కువే. ఉద్యోగాలకు బయటికెళ్లినవాళ్లకు మెయిల్, ఊళ్లో ఉన్నవాళ్లకు వాట్సాప్. అయివారు రెండూ చేస్తున్నారు.

తెలుగు అక్షరం బరువు

ఇంగ్లిషులో రాసే వాళ్లకు లేని ఓ తంటా మనకుంది. యూనికోడ్‌ను కంప్యూటర్ దాచుకునే మామూలు పద్ధతిలో ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు కావాలి. గుర్తు అంటే అక్షరం కాదు. గుణింతం, పొల్లు కూడా విడివిడి గుర్తులే. ‘స్త్రీ’ అన్నది మన కంటికి ఒకే అక్షరం. కంప్యూటర్‌కు అది స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం... మొత్తం ఆరు గుర్తులు, పద్దెనిమిది బైట్లు.

దీంతో మనకేం పని అంటారా? జీమెయిల్‌లో ఒక ఉత్తరం సుమారు 102 కిలోబైట్లు దాటితే మిగతాది కత్తిరించి, ‘మొత్తం చూడాలంటే ఇక్కడ నొక్కండి’ అని ఓ లింకు పెడుతుంది. 102 కిలోబైట్లంటే లెక్కకు 34 వేల తెలుగు గుర్తులు. అదీ ఉత్తరంలో వేరే ఏమీ లేకపోతే. రంగులు, పట్టీలు, లింకులు అన్నీ కలిస్తే చోటు ఇంకా తగ్గుతుంది. వారానికోసారి మూడు పెద్ద టపాలు కలిపి పంపేవాళ్లకు కత్తెర తప్పదు. కత్తెర పడితే అడుగున ఉండే ‘ఇక చాలు, పంపకండి’ అన్న లింకు కూడా కనబడకుండా పోతుంది. అది కనబడనివాళ్లు విసుగొచ్చి ‘స్పామ్’ అని నొక్కుతారు. అలా నలుగురు నొక్కితే మిగతావాళ్లకూ ఉత్తరం చెత్తబుట్టలో పడే ప్రమాదముంది.

ఫొటోలతో ఈ బెడద లేదు. అవి ఉత్తరంలో ఉండవు, తెరిచినప్పుడు బయటి నుంచి వస్తాయి. అసలు దొంగ వేరే ఉంది. అయివారికి వర్డ్‌లో టైపు చేసి, కాపీ కొట్టి, బ్లాగులో అతికించే అలవాటు. అలా అతికించినప్పుడు ఫాంటు పేరు, సైజు, రంగు అంటూ కనిపించని చెత్తంతా వెంట వస్తుంది. ఆయన రాసిన రెండు పేజీల టపా బరువు చూసి శిష్యురాలు నోరెళ్లబెట్టిందట. ఇప్పుడు ముందు నోట్‌ప్యాడ్‌లో అతికించి, అక్కణ్నుంచి బ్లాగులోకి తీసుకెళ్తున్నారు. సగానికి సగం బరువు తగ్గింది.

డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించిన వ్యాసాలను అలాగే తెచ్చి బ్లాగులో పెట్టేవాళ్లకూ ఓ మాట. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అవి తెలుగుగా కనబడవు, అర్థంలేని గీతలుగా వస్తాయి. మెయిల్‌లో అయితే చెప్పక్కర్లేదు. వాటిని యూనికోడ్‌లోకి మార్చుకున్నాకే ఎక్కించాలి. మార్చిపెట్టే పనిముట్లున్నాయి. మార్చాక వత్తులు ఒకసారి చదివి సరిచూసుకోవాలి.

అడుగున ఇంటి చిరునామా

ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఇది. మెయిళ్లు పంపే పెద్ద సేవలు చాలావరకు అమెరికావి. అక్కడ 2003లో వచ్చిన చట్టం ప్రకారం ఇలాంటి వ్యాపార మెయిళ్ల అడుగున పంపేవారి తపాలా చిరునామా ఉండాలి. అందుకని ఆ సేవలు చేరేటప్పుడే అందరి దగ్గరా చిరునామా అడుగుతాయి. మనం ఏదో ఫారం నింపుతున్నామనుకుని ఇంటి నంబరు, వీధితో సహా ఇచ్చేస్తాం. అది ప్రతి ఉత్తరం కిందా అచ్చవుతుంది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు, ఆడవాళ్లు ఈ ఒక్కచోట జాగ్రత్తపడాలి. పోస్టాఫీసులో పోస్టు బాక్సు తీసుకోవచ్చు, లేదా ఏ సంఘం తరఫునో పంపుతుంటే ఆ ఆఫీసు చిరునామా ఇవ్వచ్చు. అయివారు మాత్రం ఇంటి చిరునామానే ఉంచారు. “వచ్చేవాళ్లు రానీ, కాఫీ ఇస్తా” అంటారు.

ఇంకోటి, పంపేవారి మెయిల్ ఐడీ. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ మెయిల్ గుంపుగా వచ్చే ఉత్తరాల మీద నిబంధనలు బిగించాయి. రోజుకు 5 వేలకు పైగా పంపేవాళ్లకు నిబంధనలు ఎక్కువ. అంతమంది మనకెక్కడున్నారు అనుకోవచ్చు. కానీ వేరే సేవ ద్వారా పంపుతూ, పంపినవారి చోట మన జీమెయిల్ ఐడీ పెడితే అది దొంగ సంతకం లాంటిదే. చేరాల్సిన చోట అనుమానంగా చూస్తారు. సొంత డొమైన్ పేరు కొని, ఆ పేరు మీద మెయిల్ పెట్టుకోవడం మంచిది. ఏడాదికోసారి మర్చిపోకుండా డబ్బు కట్టాలి. అది వద్దనుకుంటే ఆ సేవవాళ్లు తమ పేరు మీద ఇచ్చే ఐడీనే వాడుకోవాలి.

ఇవేవీ వద్దు, నా జీమెయిల్ నుంచి నేనే అందరికీ పంపుకుంటాను అనేవాళ్లున్నారు. మామూలు జీమెయిల్ ఖాతా నుంచి రోజుకు 500 మించి పంపకూడదు. అంతమంది లేరంటే పంపుకోవచ్చు గానీ, చిరునామాలన్నీ ‘టు’ అన్న గడిలో వేస్తే ప్రతి ఒక్కరి ఐడీ అందరికీ తెలిసిపోతుంది. కిందటేడు మా బంధువుల పెళ్లి పిలుపు ఇలాగే వచ్చింది. దానికి ఒకాయన ‘అందరికీ జవాబు’ నొక్కి, కట్నం గురించి ఆరా తీశాడు. పెళ్లి వాళ్లు తేరుకోవడానికి వారం పట్టింది.

అడగకుండా ఎవరినీ జాబితాలో చేర్చకండి. భివండీ, షోలాపూర్‌లలో నేత పని మీద స్థిరపడ్డ మనవాళ్ల సంఘాలకు సభ్యుల రిజిస్టర్లుంటాయి, అందులో మెయిల్ ఐడీలూ ఉంటాయి. కార్యవర్గం మారగానే కొత్త కార్యదర్శికి వచ్చే మొదటి ఆలోచన, ఆ రిజిస్టర్ మొత్తాన్ని మెయిల్ జాబితాలోకి ఎక్కించేద్దామని. వద్దు. సభ్యత్వం కోసం ఇచ్చిన ఐడీ సభ్యత్వానికే. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మొదట చెప్పేదీ మనిషి ఒప్పుకోలు గురించే. గడిలో ఐడీ ఇచ్చాక ‘మీరేనా?’ అని ఓ మెయిల్ వెళ్లి, అందులోని లింకు నొక్కినవాళ్లే చేరేలా పెట్టుకుంటే గొడవే లేదు. జాబితా చిన్నదవుతుంది. కానీ ఉన్నవాళ్లంతా కావాలని వచ్చినవాళ్లే అవుతారు.

ఎంతమంది తెరిచారో చూపించే లెక్కలూ ఈ సేవల్లో ఉంటాయి. వాటిని మరీ నమ్ముకోవద్దు. ఉత్తరంలో కనిపించని చిన్న బొమ్మ పెట్టి, అది తెరుచుకుంటే చదివినట్టు లెక్కేస్తారు. 2021 నుంచి యాపిల్ ఫోన్ల మెయిల్‌లో మనిషి తెరవకముందే ఆ బొమ్మ తెరుచుకునే ఏర్పాటు వచ్చింది. చదవనివాళ్లు చదివినట్టూ, బొమ్మలు ఆపుకుని చదివినవాళ్లు చదవనట్టూ లెక్కలో పడతారు.

ఆదివారం ఆరు గంటలకు

అయివారి జాబితా ఇప్పుడు మళ్లీ నడుస్తోంది. 2020లో ఆ అమ్మాయి పాత చిరునామాలన్నీ బయటికి తీసి, ఒక్కొక్కరికీ ఒక ఉత్తరం పంపించింది. “అయివారు రాయడం మానలేదు. మెయిల్ ఆగిపోయింది. మళ్లీ కావాలంటే ఇక్కడ నొక్కండి” అని. కొన్ని ఐడీలు పనిచేయక తిరిగొచ్చాయి. కొందరు పలకలేదు. సగానికి పైగా మళ్లీ చేరారు. వాళ్లలో ముగ్గురు అప్పటికే అయివారు పోయారేమో అనుకున్నారట. అడగడానికి ధైర్యం చాలక ఊరుకున్నామని రాశారు.

రెండేళ్లలో ఎవరికీ చేరని టపాలు వందకు దగ్గరగా ఉన్నాయి. అవన్నీ ఒకేసారి పంపితే ఎవరు చదువుతారు? వారానికి ఒకటి చొప్పున, కొత్తదాని కింద ఓ పాతది జోడించి పంపుతూ వచ్చారు. ఆ బాకీ తీరేసరికి 2022 దాటింది.

జాబితాలో మొదటి పేరు ఆయనదే. ఇది ఆ అమ్మాయి పెట్టిన షరతు. ఆదివారం పొద్దున ఆరింటికి ఉత్తరం బయలుదేరుతుంది. ఆరుంబావుకల్లా తన ఫోన్‌కు రాకపోతే ఏదో చెడిందని అర్థం. ఇంట్లోవాళ్ల ఐడీ ఇంకొకటి కూడా చేర్చారు, వేరే కంపెనీ మెయిల్ అది. జీమెయిల్‌లో వచ్చి అక్కడ రాకపోయినా తెలుస్తుంది. పోయిన ఏడాది ఓ ఆదివారం రాలేదు. చూస్తే ఆ వారం ఆయనే టపాను పంపకుండా చిత్తుప్రతిగా వదిలేశారు.

మేం వెళ్లిన రోజు ఆయన గొర్రు గురించి రాసింది సరిచేస్తున్నారు. ముందువారం ఉత్తరానికి పుణె నుంచి ఒకరు జవాబిచ్చారు. బేరికె పక్కన తమ ఊళ్లో గొర్రుకు కట్టే గొట్టానికి వేరే పేరుందని, నాన్నను ఫోన్‌లో అడిగి మరీ రాశారట. “ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు. నలభై కిలోమీటర్లు కూడా లేదు ఆ ఊరు” అన్నారు అయివారు, కళ్లజోడు తుడుచుకుంటూ. ఈ ఆదివారం ఉత్తరంలో అది వెళ్తోంది.